సైకాలజీ మొదలుపెట్టడం ఎలా: ఇంట్లో, క్లాసులో చేసి చూసే ప్రయోగాలు

సైకాలజీ పుస్తకం తెరవగానే నిర్వచనాలు ఎదురవుతాయి. అవధానం (దృష్టి పెట్టడం), స్మృతి, అభ్యసనం (నేర్చుకోవడం), వికాసం. ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు, పక్కన ఒక శాస్త్రవేత్త పేరు. పదకొండో తరగతిలో ఈ సబ్జెక్టు తీసుకున్న పిల్లలూ, ఆసక్తి కొద్దీ ముందే పుస్తకం పట్టిన తొమ్మిది, పది తరగతుల పిల్లలూ ఇక్కడే బట్టీలోకి జారిపోతారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ సబ్జెక్టు పుట్టిందే ప్రయోగశాలలో. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టాడు. మన దేశంలో 1915లో కలకత్తాలో ప్రయోగాత్మక సైకాలజీకి సిలబస్ తయారైంది, మరుసటి ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ మొదలైంది. మనసు గురించి ఊహించి చెప్పడం ఎవరైనా చేస్తారు. కొలిచి చూడటం సైకాలజీ పని.

కాబట్టి ఈ వ్యాసంలో ఉన్నవి చదివి వదిలేయకండి, చేసి చూడండి. కావాల్సినవి ఒక నోట్‌బుక్, నాలుగు స్కెచ్ పెన్నులు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, రెండు మూడు గాజు గ్లాసులు, ఓపికగా కూర్చునే ఇంట్లోవాళ్లు, స్నేహితులు.

ముందుగా రెండు అలవాట్లు

ప్రయోగం మొదలుపెట్టే ముందే ఏం జరుగుతుందని మీరు అనుకుంటున్నారో ఒక వాక్యంలో రాసి, తేదీ వేయండి. దీన్ని పరికల్పన అంటారు. ఫలితం చూశాక రాస్తే అది పరికల్పన కాదు. ‘నాకు ముందే తెలుసు’ అనిపించడం మనుషులందరికీ ఉన్న గుణం, రాసిపెట్టిన కాగితం ఒక్కటే దాన్ని పట్టిస్తుంది.

రెండోది అనుమతి. చెల్లెలైనా, బామ్మ అయినా సరే, ఏం చేయిస్తారో, ఎంతసేపు పడుతుందో చెప్పి అడగండి. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని కూడా చెప్పండి. నోట్‌బుక్‌లో పేరు రాయకుండా 1, 2, 3 అని అంకెలు వేయండి. ఈ నియమాల వెనుక చేదు అనుభవాలున్నాయి. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోసాలీ రేనర్ ఏడాది కూడా నిండని బాబుకు తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి ఎలుకంటే భయం పుట్టించారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే బాబు వెళ్లిపోయాడు. ‘చిన్నారి ఆల్బర్ట్’గా పుస్తకాల్లో కనిపించే ఆ పని ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయమూ చేయనివ్వదు.

రంగుల పరీక్షతో మొదలుపెట్టండి

అన్నిటికంటే ముందు దీన్నే చేయమంటాను. అరగంటలో అయిపోతుంది, ఫలితం కళ్లముందే కనిపిస్తుంది, ప్రయోగ పద్ధతి మొత్తం ఇందులోనే నేర్చుకోవచ్చు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగమిది.

ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు స్కెచ్ పెన్నులు తీసుకోండి. పసుపు వద్దు, తెల్ల కాగితం మీద సరిగా కనపడదు. మొదటి కాగితం మీద 20 చిన్న డబ్బాలు గీసి రంగులు నింపండి. ఒక్కో రంగు అయిదుసార్లు రావాలి, వరస కలగాపులగంగా ఉండాలి. రెండో కాగితం మీద 20 రంగుల పేర్లు తెలుగులో రాయండి, కానీ పదం ఒకటి, సిరా ఇంకొకటి. ‘నీలం’ అనే పదం ఎర్ర సిరాతో, ‘నలుపు’ అనే పదం ఆకుపచ్చ సిరాతో. ఇక్కడా ఒక్కో సిరా అయిదుసార్లే.

ఇప్పుడు ఎదుటివారు చేయాల్సింది ఒకటే: పదాన్ని చదవకుండా సిరా రంగు ఏమిటో పైకి చెప్పాలి. తప్పు చెబితే సరిదిద్దుకుని ముందుకు పోవాలి. ఒక్కో కాగితానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. రెండో కాగితం దగ్గర మాట తడబడటం, నవ్వు రావడం, వేలు పెట్టి చూపించుకుంటూ చెప్పడం మీకే కనిపిస్తాయి. స్ట్రూప్ వంద అంశాలతో చేయించినప్పుడు మామూలు రంగులు చెప్పడానికి సగటున 63 సెకన్లు, పదం అడ్డొచ్చినప్పుడు 110 సెకన్లు పట్టింది.

ఎందుకిలా? చదవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, వద్దనుకున్నా జరిగిపోతుంది. రంగు పేరు చెప్పడానికి మాత్రం కాస్త ప్రయత్నం కావాలి. అడగకుండానే జరిగిపోయే పని, ప్రయత్నంతో చేసే పనిని అడ్డుకుంటుంది. మొదటిది స్వయంచాలక ప్రక్రియ, రెండోది నియంత్రిత ప్రక్రియ. తెలుగు చదవడం రాని స్నేహితుడెవరైనా ఉంటే అతనితో కూడా చేయించండి. ఆ అక్షరాలు అతనికి గీతలే కాబట్టి అంతగా అడ్డుపడవు.

ఇక పద్ధతి సంగతి. మీరు మార్చింది కాగితం, అది స్వతంత్ర చరం. కొలిచింది సెకన్లు, అది పరతంత్ర చరం. ఈ రెండు మాటలు పరీక్షల్లో తారుమారు చేసేవాళ్లు చాలామంది. ‘నేను మార్చింది ఏది, నేను కొలిచింది ఏది’ అని ప్రశ్నించుకుంటే తప్పు రాదు. మిగతావన్నీ రెండు కాగితాలకూ ఒకేలా ఉండాలి, అసలు కష్టం అక్కడే. చూడండి, ‘ఆకుపచ్చ’ అనడానికి ‘నీలం’ కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఒక కాగితంలో ఆకుపచ్చ ఎనిమిదిసార్లు, ఇంకోదాంట్లో మూడుసార్లు వస్తే సెకన్ల తేడా పదాల వల్లనో మాట పొడుగు వల్లనో చెప్పలేం. అందుకే అయిదేసి సార్లు అన్నాను. అలాగే మన ఇళ్లలో సగంమంది ‘గ్రీన్’ అంటారు, సగంమంది ‘పచ్చ’ అంటారు. మొదలుపెట్టే ముందే నాలుగు రంగులకూ ఏం అనాలో ఒప్పందం చేసుకుని ఒకసారి పలికించండి.

ఇంకో చిక్కు ఉంది. అందరికీ మొదటి కాగితమే ముందు ఇస్తే, రెండో దాని దగ్గరకు వచ్చేసరికి వాళ్లకు కాస్త అలవాటైనా అయి ఉంటుంది, విసుగైనా వచ్చి ఉంటుంది. పదిమందితో చేస్తుంటే అయిదుగురికి మొదటి కాగితం ముందు, అయిదుగురికి రెండోది ముందు ఇవ్వండి. ఆ ప్రభావం రెండు వైపులా సమానంగా పడుతుంది.

ఇంకా ఉత్సాహం ఉంటే మూడో కాగితం మీద రంగుల పేర్లు ఇంగ్లీషులో రాసి, జవాబు తెలుగులోనే చెప్పమనండి. రెండు భాషలు వచ్చినవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో, పదం, జవాబు ఒకే భాషలో ఉన్నప్పుడు అడ్డు సాధారణంగా ఎక్కువగా కనిపించింది. ఇంగ్లీష్ మీడియంలో చదివే మీ క్లాసులో ఏమవుతుంది? పరికల్పన రాసి చూడండి.

జ్ఞాపకం: ముందు దాని కొలత తెలుసుకోండి

ఎదుటివారికి అంకెలు చదివి వినిపించండి, సెకనుకు ఒకటి చొప్పున, స్వరం మార్చకుండా. నాలుగు అంకెలతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోండి. వినగానే అదే వరసలో చెప్పాలి. ప్రతి పొడుగుకూ రెండు అవకాశాలివ్వండి. ఎక్కడిదాకా సరిగ్గా చెప్పగలిగారో అది వాళ్ల స్వల్పకాలిక స్మృతి విస్తృతి. చాలామంది అయిదు నుంచి తొమ్మిది మధ్య ఆగుతారు. జార్జ్ మిల్లర్ 1956లో ‘ఏడు, అటూ ఇటూ రెండు’ అన్నది దీన్ని గురించే. ఆ తర్వాత 2001లో నెల్సన్ కోవన్, మనసులో వల్లె వేసుకోవడానికీ, గుంపులుగా కట్టుకోవడానికీ వీల్లేకుండా చేస్తే అసలు సామర్థ్యం నాలుగు దగ్గరే ఉంటుందని చూపాడు.

ఇప్పుడు ఈ పన్నెండు అంకెలు వినిపించండి: 1 9 4 7 1 9 5 6 2 0 1 4. విడివిడిగా విన్నవాళ్లు మధ్యలోనే చేతులెత్తేస్తారు. స్వాతంత్ర్యం, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, తెలంగాణ ఏర్పాటు అని పట్టుకున్నవాళ్లకు అవి పన్నెండు కాదు, మూడే. దీన్ని గుచ్ఛీకరణ అంటారు. నాలుగో తరగతి చదివే తమ్ముడికి 1956 అంటే ఏమిటో తెలియదు కాబట్టి అతనికి ఆ గుత్తి కట్టుకోవడం కుదరదు. పాఠం గుర్తుండటం అనేది అంతకుముందు మీకేం తెలుసన్నదాని మీద ఎంతగా ఆధారపడుతుందో ఇంతకంటే బాగా చూపే ప్రయోగం నాకు తెలియదు.

తర్వాత మరుపు. హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల కూర్పులను తన మీద తానే ప్రయోగించుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. మీరూ చేయొచ్చు. ‘దొకు, మెపి, గవొ’ లాంటి అర్థం లేని మాటలు పన్నెండు తయారుచేసుకోండి. ఒక్క తప్పూ లేకుండా వరసగా చెప్పగలిగేదాకా చదవండి, ఎన్నిసార్లు చదవాల్సి వచ్చిందో రాసుకోండి. మర్నాడు అదే జాబితా మళ్లీ నేర్చుకుని, ఈసారి ఎన్నిసార్లు పట్టిందో రాయండి. మొదట 10 సార్లు, మర్నాడు 6 సార్లు అయితే ఆదా అయింది 4, అంటే 40 శాతం. జాబితాలో ఒక్క మాటా గుర్తులేదని మీకు అనిపించినా, రెండోసారి తొందరగా వచ్చేస్తుంది. అంటే పూర్తిగా పోలేదు, లోపల కొంత మిగిలే ఉంది. ఎబింగ్‌హాస్‌కు ఈ ఆదా గంట తర్వాత 44 శాతం, ఒక రోజు తర్వాత 34 శాతం, నెల తర్వాత 21 శాతం ఉంది. గ్రాఫ్ గీస్తే మొదటి గంటలోనే నిటారుగా పడిపోయి, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. సాయంత్రం విన్న పాఠాన్ని ఆ రాత్రే ఒకసారి తిరగేయమని టీచర్లు చెప్పేదాని వెనుక ఉన్నది ఈ గీతే.

కానీ తిరగేయడం అంటే మళ్లీ చదవడమేనా? ఇక్కడ మీ మార్కులకు నేరుగా పనికొచ్చే విషయం ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు చిన్న పాఠ్యభాగాలిచ్చారు. కొన్నిటిని రెండుసార్లు చదివించారు. కొన్నిటిని ఒకసారి చదివించి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివిందే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రాసింది 75 శాతం. వారం తర్వాత తలకిందులైంది: చదివింది 42 శాతం, రాసింది 56 శాతం.

పరీక్ష ముందురోజు ‘అన్నీ వచ్చేశాయి’ అనిపించి, హాల్లో కూర్చున్నాక ‘చదివానే, గుర్తు రావట్లేదే’ అని టెన్షన్ పడటానికి పెద్ద కారణం ఇదే. పుస్తకం ముందున్నప్పుడు వాక్యాలు తెలిసినట్టే కనిపిస్తాయి. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. పరీక్షలో కావాల్సింది రెండోది, కాబట్టి సాధన చేయాల్సిందీ దాన్నే. సోషల్‌లో ఒకే పొడుగున్న రెండు పాఠాలు తీసుకుని, ఒకటి రెండుసార్లు చదవండి, ఇంకోటి ఒకసారి చదివి పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాయండి. వారం ఆగి రెండిటికీ పది ప్రశ్నల చొప్పున స్నేహితుడితో అడిగించుకోండి.

నోరూరడం నుంచి అభ్యసనం దాకా

పచ్చి మామిడికాయ ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి ఎవరైనా పళ్లెం ముందు పెడితే, తినకముందే మీ నోట్లో నీళ్లూరతాయి. ఇది చదువుతుంటేనే ఊరి ఉండొచ్చు. ఆ ముక్కను ఎప్పుడూ రుచి చూడని పాపకు మాత్రం చూసినంత మాత్రాన ఊరదు. ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల్లో కనిపెట్టింది ఇదే. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి పొందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆయన.

నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసి మామిడికాయను నింపండి. పులుపు నాలుకకు తగలడం నిర్నిబంధిత ఉద్దీపన, దానికి లాలాజలం ఊరడం నిర్నిబంధిత ప్రతిస్పందన, ఇవి ఎవరూ నేర్పక్కర్లేదు. ముక్క కనబడటం నిబంధిత ఉద్దీపన, కనబడగానే ఊరడం నిబంధిత ప్రతిస్పందన, ఇవి నేర్చుకున్నవి. టీఈటీ, డీఎస్సీ గైడ్లలోనూ ఇవే మాటలుంటాయి. ఇప్పుడు మీ సొంత ఉదాహరణతో ఇంకో నాలుగు గళ్లు నింపండి. మొదట ‘నేర్పకుండానే జరిగేది ఏది’ అని వెతికి అక్కడి నుంచి మొదలుపెడితే చిక్కుపడరు.

ఒక పని తర్వాత వచ్చే ఫలితాన్ని బట్టి ఆ పని పెరగడమో తగ్గడమో జరుగుతుంది, స్కిన్నర్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఈ అభ్యసనాన్ని కార్యసాధక నిబంధన అంటారు. పని పెరిగేలా చేసేది పునర్బలనం, తగ్గేలా చేసేది శిక్ష. ఇందులో అందరూ తడబడేది రుణాత్మక పునర్బలనం దగ్గర. దాన్ని శిక్ష అనుకుంటారు, కాదు. రెండు ప్రశ్నలు వేసుకోండి. ఏదైనా చేర్చారా, తీసేశారా? ఆ పని తర్వాత పెరిగిందా, తగ్గిందా? కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా బీప్ మోగుతూనే ఉంటుంది, పెట్టుకోగానే ఆగిపోతుంది. చిరాకు తీసేశారు, బెల్టు పెట్టుకోవడం పెరిగింది, ఇది రుణాత్మక పునర్బలనం. గేమ్ ఎక్కువ ఆడుతున్నావని నాన్న ఫోన్ తీసేసుకున్నారు, ఆట తగ్గింది, ఇది శిక్ష. పేరులో ధన, రుణ అన్నది చేర్చడం, తీసేయడమే తప్ప మంచీ చెడూ కాదు.

చిన్నపిల్లలతో నీళ్ల గ్లాసులు

నాలుగు, అయిదేళ్ల పిల్లలు ఇంట్లో ఉంటే, పిల్లల ఆలోచన ఎదిగే తీరును పరిశీలించిన జీన్ పియాజే ప్రయోగం చేయండి. స్టీలు గ్లాసులు పనికిరావు, లోపల కనిపించాలి కదా. ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, రెండూ సమానమేనని పాప ఒప్పుకునేదాకా సరిచేయండి. తర్వాత పాప చూస్తుండగానే ఒకదాంట్లోని నీళ్లు సన్నని పొడుగు గ్లాసులో పోసి, ‘రెండిట్లో సమానంగా ఉన్నాయా, ఒకదాంట్లో ఎక్కువున్నాయా?’ అని అడగండి. ఆ వయసువాళ్లు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. ఏడేళ్ల ప్రాంతంలో ‘అవే నీళ్లు కదా’ అనడం మొదలవుతుంది. ‘ఎందుకు?’ అని తప్పక అడగండి, జవాబు మాట మాటా రాసుకోండి. పియాజేకు పిల్లల తప్పొప్పుల కన్నా వాళ్లు చెప్పే కారణాలే ముఖ్యం.

మీరు అడిగే తీరు జవాబును మార్చేస్తుంది. పెద్దవాళ్లు అదే ప్రశ్న రెండోసారి అడిగితే ‘మొదటిది తప్పు కాబోలు’ అని పిల్లలు మార్చేస్తారు. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఇలాంటి పరీక్షలోనే, వరసల్లో పేర్చిన బిళ్లల అమరికను పెద్దవాళ్ల చేత కాకుండా, అల్లరి చేసే టెడ్డీ బొమ్మ చెదరగొట్టినట్టు చేస్తే సరైన జవాబులు బాగా పెరిగాయి. ఒకరికి మామూలుగా, ఇంకొకరికి పిల్లి బొమ్మతో చేసి చూడండి. పాప తప్పు చెప్పిందని పక్కనున్నవాళ్లు మాత్రం నవ్వకూడదు, ముందే చెప్పి ఉంచండి.

గుంపులో ఉన్నప్పుడు

సోలమన్ ఆష్ 1951లో చేసిన గీతల ప్రయోగం మీరు చేయొద్దు, ఎందుకంటే అందులో అబద్ధం ఉంది. ఏ గీత సమానమో తేలిగ్గా తెలిసిపోయే ప్రశ్నకు, ముందే మాట్లాడుకున్న మనుషులు కావాలని తప్పు జవాబు చెబుతారు. నిజంగా పరీక్షకు వచ్చిన వ్యక్తి చివర్లో చెప్పాలి. ఆ తప్పు జవాబులు వినిపించిన సందర్భాల్లో దాదాపు మూడో వంతు సార్లు వాళ్లూ తప్పే చెప్పారు. అయితే పుస్తకాలు త్వరగా దాటేసే సంగతి ఒకటుంది: నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. పక్కన సరైన జవాబు చెప్పేవాడు ఒక్కడున్నా లొంగడం బాగా తగ్గిపోయింది.

అబద్ధం లేని ప్రయోగం ఇదిగో. సీసాలో శనగలు పోసి మూత బిగించండి, ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టుకోండి. పదిమంది చేత విడివిడి చీటీల మీద అంచనా రాయించండి. ఇంకో పదిమంది చేత ఒకే కాగితం మీద, ముందువాళ్లు రాసింది కనబడేలా రాయించండి. రెండు గుంపుల్లోనూ అతి పెద్ద అంకెలోంచి అతి చిన్న అంకె తీసేయండి, వ్యాప్తి వస్తుంది. సగటు కూడా కట్టి అసలు సంఖ్యతో పోల్చండి. అంకెలు దగ్గరగా ఉంటే నిజానికి దగ్గరగా ఉన్నట్టేనా అన్నది మీ నోట్‌బుక్ చెబుతుంది.

మనుషులకు పేర్లు పెట్టొద్దు

రుగ్మతల చాప్టర్ చదివాక పక్కింటివాళ్లలో, స్నేహితుల్లో, తమలోనే ఆ లక్షణాలు వెతకడం చాలామంది చేస్తారు. బీరువా శుభ్రంగా సర్దుకుంటే ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు పదే పదే వచ్చే రుగ్మత) అవదు, రెండు రోజులు దిగులుగా ఉంటే డిప్రెషన్ అవదు. ఎన్నాళ్లుగా ఉంది, రోజువారీ జీవితం ఎంత దెబ్బతింది అన్నవి చూసి నిర్ధారించేది శిక్షణ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు లేదా సైకియాట్రిస్టు. నిజంగా మనసు బాగోలేక నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే ఇంట్లో నమ్మకమున్నవాళ్లతో మాట్లాడండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

రికార్డు రాయడం

ఒక్కో ప్రయోగానికి రెండు పేజీలు చాలు. పరికల్పన, ఎవరితో చేశారు (వయసు, తరగతి, పేరు వద్దు), ఏం మార్చారు, ఏం కొలిచారు, ఏవి మారకుండా చూసుకున్నారు, పట్టిక, సగటు, చివర మీ వ్యాఖ్య. సీబీఎస్‌ఈ ప్లస్ టూ పిల్లల ప్రాక్టికల్ రికార్డుకూ ఈ అలవాటు పనికొస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పదకొండు, పన్నెండు తరగతుల సైకాలజీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రయోగం చేశాక ఆ చాప్టర్ తీసి చదవండి.

ఫలితం అనుకున్నదానికి ఎదురుగా వస్తే దిద్దకుండా అలాగే రాసి, కింద మూడు విషయాలు చూడండి. మనుషులు మరీ తక్కువా? ముగ్గురితో చేస్తే ఒక్కరి నిద్రమత్తు సగటునంతా లాగేస్తుంది. సూచన అందరికీ ఒకే మాటల్లో చెప్పారా? లేకపోతే ఒక చీటీ మీద రాసుకుని, ఈసారి అందరికీ అదే చదివి వినిపించండి. వాళ్లతో చేయిస్తున్నప్పుడు మీ పరికల్పన వాళ్లకు తెలిసిపోయిందా? తెలిసినవాళ్ల అంకెల పక్కన చుక్క పెట్టి, వాళ్లు లేకుండా సగటు ఇంకోసారి కట్టండి.